కుట్లు విప్పిన తర్వాత

 

మోకాలి మీద మచ్చ లేనివాళ్లు చేతులెత్తండి అంటే, ఎర్రుపాలెంలో చదువుకున్న మనలో ఎన్ని చేతులు లేస్తాయో అనుమానమే. పడ్డచోట గాయపాకు పసరు పిండుకుని మళ్లీ ఆటకు పరిగెత్తినవాళ్లమే. పక్కు కట్టిందంటే తగ్గిపోయినట్టే లెక్క. డాక్టరునయ్యాక కూడా కొంతకాలం నాది అదే లెక్క.

ఒక మిర్చి రైతు మోకాలి మీద గొడ్డలి దెబ్బతో వచ్చాడు. కుట్లు వేశాను. పన్నెండో రోజు విప్పి, "తగ్గింది, పనికి పోవచ్చు" అన్నాను. మర్నాడు బస్తా ఎత్తుకుని మెట్టెక్కుతుంటే గాయం నోరు తెరిచింది. తప్పు ఆయనది కాదు, నా మాటది.

గాయం అతుక్కోవడం వేరు, బలపడడం వేరు. వారం నాటికి అతుకు బలం మామూలు చర్మంలో పదో వంతు మించదు. మూడు వారాలకు పావు వంతు అటూ ఇటూ. మూడు నెలలకు 70, 80 శాతం. అక్కడే దాదాపు ఆగిపోతుంది. నూటికి నూరు ఎప్పటికీ రాదు.

కారణం కొల్లాజెన్. మూడు పేటలు మెలిపెట్టిన పగ్గం లాంటి మాంసకృత్తు అది. ఈ పేటల అల్లిక సంగతి 1954లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా తేల్చారు. ఆ ఊళ్లోనే ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు తర్వాత మన యలవర్తి నాయుడమ్మగారు డైరెక్టరయ్యారు. తోలుకీ గాయానికీ సంబంధమేమిటంటారా? తంగేడు చెక్కతో పదును చేస్తే తోలు గట్టిపడేది, అందులోని కొల్లాజెన్ పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్లే. గాయంలో శరీరం మొదట సన్నటి పోగులను హడావుడిగా, అడ్డదిడ్డంగా పరుస్తుంది. తర్వాత నెలల తరబడి వాటిని తీసేస్తూ, లావు పోగులను లాగుడు పడే దిక్కుకు పేర్చి, వాటి మధ్య ముడులు వేస్తుంది. బలమంతా ఆ ముడుల్లో ఉంది.

ఇక్కడ మా అమ్మతో సహా అందరితో నాకు పేచీ. పప్పు తింటే చీము పడుతుందని పథ్యం పెడతారు. పప్పూ గుడ్డూ మానిపిస్తే శరీరం దేనితో అల్లాలి? విటమిన్ సి లేకపోతే ఆ పేటలు మెలి నిలవవు. ఉసిరికాయ, జామకాయ చాలు. చుట్ట, అదుపులో లేని షుగరు ఈ పనంతటినీ వెనక్కి లాగుతాయి.

ఆ రైతుకు మళ్లీ కుట్లు వేశాను. ఈసారి విప్పేటప్పుడు గోడమీది క్యాలెండరు తీసి, మూడు నెలల అవతల ఒక తేదీ చుట్టూ గీత గీశాను. అప్పటిదాకా బస్తాలు ఆయన కొడుకు మోశాడు.