అవ్వ పేరు యాడ ఉండాది?



మేము బాగేపల్లి తాలూకా గూళూరు నుంచి వచ్చినాము. మాది ఎనిమిదో తరగతి చదువు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మాటల్లో తప్పులుంటే మన్నించాల. మమ్మల్ని సభకు పిలిస్తే ఎప్పుడూ పట్టు ధర, జరీ ధర, సంఘం బాకీలు, ఇవే మాట్లాడతాము. ఈసారి మాత్రం మా వీధిలోని ఒక అవ్వ గురించి చెప్తాము. ఆమె గురించి అంటే మా తప్పు గురించి కూడా చెప్పినట్లే. ఆమెను అడిగే చెప్తున్నాము. "నా కత చెప్పు నాయనా, పేరు మాత్రం సంచికలో వేయొద్దు. పేరు మీ పుస్తకంలో ఉంటే చాలు" అనింది. ఆ మాట ఎందుకు అనిందో కడాన తెలుస్తుంది.

అవ్వకు ఎనబై ఏండ్లు దాటినాయి. ఊరంతా అవ్వ అంటారు, మేము పెద్దమ్మా అంటాము. ఆమెకు ముగ్గురూ కూతుర్లే. మూడో కూతురు పుట్టినప్పుడు చూడను వచ్చిన చుట్టాలు "మళ్ళీ ఆడపిల్లేనా, మగ్గం ఎవరికి ఇస్తావు?" అన్నారంట. అవ్వ ఏమీ అనలేదంట. పాపను మగ్గం గుంట పక్కనే ఉయ్యాల కట్టి పండబెట్టి, పేక కండెలు చుట్టుకుంటా కూర్చునిందంట.

ఆమె పెనిమిటికి మోకాళ్ళు పట్టుకున్నాయి. గుంటలో కాళ్ళు దించి కూర్చోలేకపోయినాడు. అప్పుటినుంచి మగ్గం ఎక్కింది అవ్వే. పుట్టింట్లో నాయన భోజనానికి లేచినప్పుడల్లా దొంగతనంగా గుంటలో దిగి నాడె విసిరి నేర్చుకున్న పని అది. ఆ పనే సంసారాన్ని నిలబెట్టింది. ముగ్గురు కూతుర్లకూ వరసగా నేర్పించింది. మొదట కండెలు, తర్వాత అచ్చు అతకడం, తర్వాత సాదా చీర, కడాన జరీ అంచు.

ఇప్పుడు పెద్దకూతురు ఆ ఇంట్లోనే రెండు మగ్గాలు చూసుకుంటా ఉంది. అల్లుడు ఇల్లరికం వచ్చినాడు, మంచివాడు, ఆటో తోలుతాడు, నేతపని రాదు. రెండో కూతురిని ధర్మవరానికి ఇచ్చినారు. అక్కడ మొగుడూ పెళ్ళాం చెరొక మగ్గం నేస్తారు. మూడో ఆమె అంగనవాడీలో పని చేస్తుంది, ఇంటికి వస్తే రాట్నం ముందర కూర్చోకుండా పోదు. మనవడు బెంగుళూరులో ఇంటింటికీ సామాన్లు చేర్చే పని చేస్తా ఉండాడు. మగ్గం విడిచిపెట్టినాడని ఎవరైనా అంటే అవ్వ ఒప్పుకోదు. "పండక్కు వస్తే తెగిన తాళ్ళు అన్నీ వాడే కదా కట్టేది" అంటుంది. మనవరాలు పీయూసీ అయినాక గదగులో చేనేత డిప్లొమాలో చేరింది. ఆ పాప విషయంలోనే మా తప్పు బయటపడింది.

చేనేత చదువు చదివే నేతవాళ్ళ పిల్లలకు కేంద్ర సర్కారు ఉపకార వేతనం ఉంది, ఇంట్లో ఇద్దరి దాకా. దానికి అమ్మదో నాయనదో నేత గుర్తింపు కార్డు కావాల. 2023లో ఒక శనివారం, మజూరి ఇచ్చే దినం, అవ్వ మనవరాలిని వెంటబెట్టుకొని మా ఆఫీసుకు వచ్చింది. "పాపకు కార్డు కావాలంట నాయనా, తీసియ్యి" అనింది, కోమటి అంగట్లో ఉప్పు అడిగినట్లు.

ఆ ఇంట్లో ఎవరికీ కార్డు లేదు. ఎందుకు లేదు? 2019-20లో నాలుగో అఖిల భారత చేనేత గణన జరిగింది. లెక్క రాసేవాళ్ళకు చూపించే దానికి మేము ఊర్లో మగ్గాల ఇండ్ల పట్టీ ఒకటి రాసినాము. మా పుస్తకంలో ఆ ఇంటి సభ్యుడు ముందర పెనిమిటి, ఆయన పోయినాక అల్లుడు. అల్లుడు ఆటో తోలుతాడు కదా అని, ఆ ఇల్లు నేత ఇల్లు కాదని మేమే కొట్టేసినాము. లోపల రెండు మగ్గాలు టకటకమంటా ఉంటే, ఆ శబ్దం మా ఆఫీసు దాకా వినపడతా ఉంటే, కొట్టేసినాము.

అవ్వ కోపం చేసుకోలేదు. కుర్చీలో కూర్చొని ఒకటే అడిగింది. "ఇన్నేండ్లు శనివారం శనివారం చీర తెచ్చి నీ బల్ల మీద పెట్టినా కదా. నీ పుస్తకంలో నా పేరు యాడ ఉండాది, చూపించు."

మేము పాత పుస్తకాలన్నీ బీరువాలోంచి దించినాము. పేరు రాసే గడిలో ఎక్కడా ఆమె లేదు. తల ఎత్తలేకపోయినాము. అప్పుడు మనవరాలు, చదువుకున్న బిడ్డ కదా, పేజీకి కుడిపక్క వేలు పెట్టి చూపించింది. మజూరి ముట్టినట్లు రుజువు చేసే గడి అది. మొదటి పుస్తకాల్లో అక్కడ వేలిముద్ర ఉంది. పేరు పెనిమిటిది, వేలు అవ్వది. తర్వాతి పుస్తకాల్లో వేలిముద్ర పోయి వంకర టింకర తెలుగు అక్షరాలు వచ్చినాయి. కూతుర్లు బడికి పోయి వచ్చి, మగ్గం కాడ పలక మీద అమ్మకు సంతకం నేర్పించినారంట. ఇంకా తర్వాత పెద్దకూతురి సంతకం. ఆ గడిలో అవ్వ పేరు వందల సార్లు ఉంది. మేము రాయని పేరు ఆమే రాసుకొనింది. మేము ప్రతి వారం చూసినాము, ఒక్క వారం కూడా చదవలేదు.

ఆ పేజీలే సాక్ష్యం అయినాయి. వాటికి నకలు తీసి, సంఘం ముద్ర వేసి, పెద్దకూతురి పేరుతో కార్డుకు అర్జీ పెట్టినాము. కచేరీల చుట్టూ మేమే తిరిగినాము. కార్డు వచ్చింది. కానీ అప్పటికి ఆ ఏడు గడువు దాటిపోయింది. మొదటి ఏడు ఫీజుకు, హాస్టలుకు అవ్వ చెవి కమ్మలు పోయినాయి. ఆ కమ్మలు మా చేతి రాత వల్ల పోయినాయని ఈ సభలో ఒప్పుకుంటున్నాము.

ఇది మా ఒక్క ఊరి తప్పు అయితే ఇంత దూరం తెచ్చేవాళ్ళం కాదు. ఆ గణనలోనే చూడండి. దేశంలో చేనేత పనివాళ్ళు 35 లక్షల 22 వేల మంది. అందులో ఆడవాళ్ళు 25 లక్షల 46 వేల మంది. నూటికి 72 మంది ఆడవాళ్ళే. ఇప్పుడు మీమీ సంఘాల సభ్యత్వ పుస్తకం తెరిచి, నూటికి ఎన్ని ఆడ పేర్లు ఉన్నాయో లెక్క పెట్టండి. ఆ రెండు లెక్కలకూ తేడా ఎంత ఉంటుందో అంత మన తప్పు.

కొందరు పెద్దలు అంటారు, ఆడపిల్ల పేరు రాస్తే పెండ్లయి ఇంకో ఊరికి పోతుంది కదా అని. పోతే పోనీ, ఆ ఊరి సంఘంలో రాయించుకుంటుంది. అవ్వ రెండో కూతురు ధర్మవరం పోయినా నాడె విడవలేదు. ఆస్తి సంగతి అంటారా, మన రెండు పక్కలా చట్టం ఎప్పుడో వచ్చింది. ఎన్.టి. రామారావు గారి కాలంలో, 1985లో, ఆంధ్రలో కూతురికి పిత్రార్జితంలో సమాన భాగం ఇచ్చినారు. మన కర్ణాటకలో 1994లో, దేశమంతా 2005లో. ఇంట్లో భాగం ఉండే కూతురికి సంఘం పుస్తకంలో ఒక గీత జాగా లేదా?

తెలంగాణలో ఆలేరు దగ్గర శారాజిపేట అని ఊరు. అక్కడ చింతకింది మల్లేశం గారు అని మన నేత బిడ్డే ఉన్నారు. వాళ్ళ అమ్మ లక్ష్మమ్మ ఆసు పోసేది. ఒక చీరకు దగ్గర దగ్గర తొమ్మిది వేల సార్లు చేయి ఇటూ అటూ తిప్పాల. అమ్మ భుజం నొప్పి చూడలేక ఆయన ఏండ్ల తరబడి కష్టపడి యంత్రం చేసినారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రానికి ఏం పేరు పెట్టినారు? తన పేరు కాదు. లక్ష్మీ ఆసుయంత్రం. కొడుకు అమ్మ పేరును ఇనుము మీద నిలబెట్టినాడు. మనం కాగితం మీద రాయలేమా?

మా సంఘంలో కొత్త పుస్తకం తెరిచినాము. ఇంటిపెద్ద పేరు కాదు, మగ్గం మీద కూర్చునే మనిషి పేరు రాస్తున్నాము. ఒక ఇంట్లో ఇద్దరు నేస్తే రెండు పేర్లు. కండెలు చుట్టే వాళ్ళకు, అచ్చు అతికే వాళ్ళకు వేరే పట్టీ. మజూరి ఎవరు నేస్తే వాళ్ళ ఖాతాకే. అవ్వ ఇప్పుడు నేయలేదు, కండెలు చుడుతుంది. ఆ పట్టీలో మొదటి పేరు ఆమెది. రాసినాక పుస్తకం ఆమె ముందర పెట్టినాము. కండ్లద్దాలు పెట్టుకొని అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివింది. "ఒక కొమ్ము తప్పు పోయింది, దిద్దు" అనింది. దిద్దినాము.

మనవరాలు ఉగాదికి గదగు నుంచి వచ్చింది. ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయినప్పటినుంచి అవ్వకు ఆ దారి ఖర్చు దిగులు లేదు. పాప ఒక గళ్ళ కాగితం తెచ్చింది. అవ్వ చేతికి మాత్రమే తెలిసిన పాత అంచు ఒకటి ఉంది, ఎక్కడా రాసింది కాదు. పాప ఆ అంచును చుక్క చుక్కగా గళ్ళలోకి ఎక్కించింది. అవ్వ ఆ కాగితాన్ని మడిచి వక్కాకు సంచిలో పెట్టుకొని వచ్చిన వాళ్ళకంతా చూపిస్తా ఉంది. "నేను నా కూతుర్లకు చేయి ఇచ్చినా. వాళ్ళు నాకు సంతకం ఇచ్చినారు. ఇది నా మనవరాలు ఇచ్చింది" అంటుంది. మూడో కూతురు పుట్టిన దినం అడిగినారు కదా, మగ్గం ఎవరికి ఇస్తావని. ఆమె ఆ కాగితం చూపించేటప్పుడు మాకు ఆ ప్రశ్న గుర్తుకు వస్తుంది.

ఈ సంచిక ఫోనుల్లో వస్తుందని చెప్పినారు. చదివే పిల్లలకు ఒక మాట. మీ ఇంట్లో అవ్వకు ఇది చదివి వినిపించండి. తర్వాత ఆమెను వెంటబెట్టుకొని మీ సంఘం ఆఫీసుకు పోండి. "మా అవ్వ పేరు యాడ ఉండాది?" అని అడగండి. మాలాంటి సెక్రటరీ ఎవరైనా తల దించుకుంటే, కొట్లాడొద్దు. పుస్తకం కుడిపక్క గడి చూపించండి.