పాతబస్తీలో టీవీ జర్నలిజం పాఠాలు

తెలుగునాట విశ్వవిద్యాలయ స్థాయిలో జర్నలిజం బోధన 1954లో ఉస్మానియాలో మొదలైంది. అప్పటికి దేశంలో టెలివిజనే లేదు. ఢిల్లీలో ప్రయోగాత్మక ప్రసారాలు 1959లో వచ్చాయి. అందువల్ల పాఠ్యప్రణాళిక పత్రిక చుట్టూ అల్లుకుంది. రిపోర్టింగ్, సబ్‌ఎడిటింగ్, పేజీ కూర్పు ప్రధానమయ్యాయి. టెలివిజన్ ఆ తరువాత వచ్చి ఒక పేపరుగా చేరింది. చాలా విభాగాల్లో దాని స్థానం నేటికీ అంతే.

1975 ఆగస్టు నుంచి ఏడాది సాగిన ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగం కోసం హైదరాబాద్‌లో కార్యక్రమాల నిర్మాణ కేంద్రం ఏర్పడింది. 1983 నవంబరు 14న దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివారు. టెలిప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో ఆయన వార్తలను కంఠస్థం చేసి, కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు. ఆ తరం పనిలో దిగాకే పని నేర్చుకుంది. 1995లో ఈటీవీ, 2004లో టీవీ9 వచ్చాక విలేకరులు, కెమెరామెన్, ఎడిటర్లు పెద్ద సంఖ్యలో కావలసివచ్చారు. ఛానళ్లు సొంతంగా శిక్షణ ఇచ్చుకున్నాయి, విశ్వవిద్యాలయాలు వెనుకబడ్డాయి. కెమెరా లేదు, ఎడిటింగ్ గది లేదు అన్న కారణం అప్పట్లో నిజమే. నేడు విద్యార్థి జేబులోని ఫోను ప్రసారానికి పనికొచ్చే దృశ్యాన్ని తీస్తుంది. ఇప్పుడు కొరతగా ఉన్నది జనం మధ్య గడిపే సమయం.

హైదరాబాద్‌లో ఆ సమయం గడపడానికి పాతబస్తీ కంటే మంచి చోటు దొరకదు. చార్మినార్ చుట్టూ కొద్ది నిమిషాల నడకలోనే మక్కా మసీదు, యునానీ ఆసుపత్రి, లాడ్‌బజార్, పత్తర్‌గట్టీ అన్నీ ఉన్నాయి. టీవీలో మాత్రం ఈ ప్రాంతం ఎక్కువగా లాల్‌దర్వాజా బోనాలప్పుడు, మొహర్రం ఊరేగింపప్పుడు, గణేశ్ నిమజ్జనమప్పుడు, లేదంటే ఉద్రిక్తత రోజుల్లో కనిపిస్తుంది. ఆ దృశ్యాలతోనే పెరిగిన విద్యార్థి రేపు విలేకరిగా వచ్చినా వాటినే వెతుకుతాడు. కాబట్టి మొదటి అభ్యాసం ఏ విశేషమూ లేని రోజున జరగాలి.

లక్క గాజుల తయారీ అందుకు తగిన పాఠం. లాడ్‌బజార్ పరిసరాల ఈ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కరిగించిన లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరచి, సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే అద్దాలు, రాళ్లు అద్దుతారు. పనికి ఒక క్రమం ఉంది కనుక షాట్లకూ క్రమం ఏర్పడుతుంది: చేతులు, ముఖం, చేతులూ ముఖమూ కలిసి, భుజం మీదుగా, చివరికి గది మొత్తం. కొత్తవారు కెమెరాను గదంతా తిప్పుతారు. ఎడిటింగ్‌కు కూర్చున్నప్పుడు ఎక్కడ కట్ చేయాలో తెలియదు. ఒక్కో షాట్‌ను కదపకుండా పది సెకన్లు పట్టుకోవడం ఇక్కడే అలవాటు కావాలి. చార్మినార్ లోపల ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి ఉండాలన్న సంగతీ పాఠంలో భాగమే.

దృశ్యం కన్నా శబ్దం కష్టం. వ్యాపారి మాట్లాడుతుండగా మక్కా మసీదు నుంచి అజాన్ మొదలైతే, ఆ బైట్‌లో (రికార్డు చేసిన మాటల్లో) రెండు వాక్యాలు తీసేసి అతికించినప్పుడు వెనుక వినిపించే పిలుపు మధ్యలో తెగుతుంది. కోత వినేవారికి తెలిసిపోతుంది. రికార్డింగ్ ఆపి, అజాన్ పూర్తయ్యే దాకా నిలబడాలి. అది సాంకేతిక నియమమూ, ఆ చోటి మర్యాదా. అక్కడి నుంచి బయల్దేరే ముందు, ఇలాంటి కోతలను కప్పడానికి, ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం వీధి చప్పుడు విడిగా రికార్డు చేసుకోవాలి.

ఆ తరువాతిది భాష. పాతబస్తీలో చాలామంది దక్కనీ ఉర్దూలో మాట్లాడతారు, తెలుగు ఛానల్ దానిపై తెలుగు గొంతు వేస్తుంది. అసలు మాట వినపడకుండా పోయేది అక్కడే. ఫిర్యాదు బెదిరింపుగా, సందేహం ఆరోపణగా మారడానికి క్షణం చాలు. బైట్ మొత్తాన్ని ముందుగా అనువదించి రాసుకున్నాకే కత్తిరించాలి. వీలైతే అసలు గొంతునే ఉంచి కింద అక్షరాలు వేయాలి. తెలుగులో మాటలు పొడవు, నిమిషన్నర వార్తా ప్యాకేజీలో అవి కొన్నే పడతాయి. దృశ్యంలో కనబడేదాన్ని వాయిస్ ఓవర్ మళ్లీ చెబితే ఆ కొద్ది చోటూ వృథా.

అన్నిటికంటే ఎక్కువ గంటలు కేటాయించదగిన పాఠం 2007 మే 18న మక్కా మసీదులో జరిగిన పేలుడు. పేలుడులో కొందరు, ఆ తరువాతి పోలీసు కాల్పుల్లో మరికొందరు చనిపోయారు. పాతబస్తీ యువకులు ఎందరినో అదుపులోకి తీసుకున్నారు. కేసుల పాలైనవారు తరువాత నిర్దోషులుగా బయటపడ్డారు; అన్యాయంగా నిర్బంధానికి గురైనవారికి రాష్ట్ర ప్రభుత్వం పరిహారం కూడా ఇచ్చింది. దర్యాప్తు సీబీఐకి, ఆపైన ఎన్‌ఐఏకి వెళ్లి మరో బృందం మీద అభియోగాలు నమోదయ్యాయి. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు వారిలో విచారణ ఎదుర్కొన్నవారినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఈ పదకొండేళ్లలో ఒక్కో తేదీని విద్యార్థికి ఇచ్చి, ఆనాటికి నిర్ధారణ అయిన విషయాలతోనే బులెటిన్ రాయించాలి. ‘పోలీసులు చెబుతున్నారు’ అన్న రెండు మాటలు వదిలేస్తే ఒక కుటుంబం ఏళ్లపాటు ఏం భరిస్తుందో ఏ నీతి పాఠమూ అంత స్పష్టంగా చూపలేదు.

చట్టాన్నీ క్షేత్రంలోనే నేర్పాలి. నేరానికి గురైన పిల్లల గుర్తింపు బయటపెట్టరాదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్, పిల్లలపై లైంగిక నేరాల నిరోధక చట్టం (పోక్సో) 23వ సెక్షన్ చెబుతున్నాయి. ఇరుకు గల్లీల్లో ముఖాన్ని మసకబార్చినంత మాత్రాన గుర్తింపు దాగదు. గుమ్మం, స్కూలు యూనిఫాం కనిపిస్తే, తల్లి గొంతు వినిపిస్తే చాలు, బస్తీ అంతా పోల్చుకుంటుంది. ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్లను ప్రత్యక్ష ప్రసారం చేయరాదన్న నియమం కేబుల్ టీవీ నిబంధనల్లో 2015లో చేరింది. లైవ్‌లో నిలబడినవారికి యాంకర్ అడిగిన ప్రశ్నకు ‘ఇంకా నిర్ధారణ కాలేదు’ అని చెప్పే ధైర్యం కావాలి. అది పదేపదే సాధన చేయిస్తేనే వస్తుంది.

ఈ బోధనకు కావలసిన రెండు భాషల విద్యార్థులూ ఈ నగరంలోనే ఉన్నారు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియాలో నేడు తెలుగు విద్యార్థులు చదువుతున్నారు. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో జర్నలిజాన్ని ఉర్దూలో చదువుతున్నారు. ఈ రెండు విభాగాలూ ఒక్క సెమిస్టరైనా తమ విద్యార్థులను జంటలుగా కలిపి పాతబస్తీకి పంపాలి. ఒకే వార్తను రెండు భాషల్లో చేయించి, ఒకే గదిలో అందరి ముందూ వేసి చూపించాలి.