కాలిపర్ మూలన పెట్టకండి



2011 తర్వాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు. అయినా పాత పోలియో వారికీ, పక్షవాతంతో పాదం వేలాడే వారికీ లోహపు కాలిపర్ అవసరం వున్నది. బూటుకు బిగించిన రెండు కడ్డీలు పిక్క పట్టీదాకా వెళ్తాయి. కీలు పాదాన్ని కిందికి జారనివ్వదు. కీలు చీలమండకు సరిగ్గా ఎదురుగా వుండాలి. పట్టీ మరీ పైకి పోతే మోకాలి పక్క నరం నలుగుతుంది. పిల్లలకు ఎదిగేకొద్దీ మార్చాలి.

వజూకు విప్పాలి, మళ్ళీ కట్టాలి అని విసిగి కొందరు దాన్ని మూలన పెట్టేస్తున్నారు. నిలబడలేనివారు కూర్చుని నమాజు చేయవచ్చు గదా! మసీదులో వారికొక కుర్చీ వేయండి, విప్పి కట్టేందుకు చేయి అందించండి అని మేము మనవి చేస్తున్నాము.