మాట ఒకటే, చెప్పే తీరు వేరు



నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరుంది. 1991లో ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రి బడికి వెళ్లారు. చదివినదాని గురించి మాట్లాడుకున్నారు. అందరూ ఒక్కటై ఊళ్లో సారా కొట్టు మూయించారు. ఆ కబురు ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో సారాను నిషేధించారు. నలుగురూ కూడి చెప్పిన మాటకు అంత బలం ఉంది.

అయితే అందరికీ ఒకే తీరున చెబితే పని కాదు. గేదెకు గడ్డి వేస్తారు, కోడికి గింజలు వేస్తారు. ఆకలి ఒకటే, మేత వేరు.

ఒక ఊళ్లో దొంగచాటుగా మద్యం అమ్ముతున్నారు అనుకోండి. దాన్ని ఆపాలంటే ముగ్గురితో మాట్లాడాలి.

మొదట తోటి ఆడవాళ్లు. తాగుడు చెడ్డదని వాళ్లకు చెప్పనక్కర్లేదు. వాళ్లకున్నది భయం. "నేను బయటికొస్తే మా ఆయన ఊరుకుంటాడా?" అంటారు. ముందు ఆ భయం పోగొట్టాలి. "నువ్వొక్కదానివే కాదు వదినా, మా వీధి నుంచి పదిమందిమి వస్తున్నాం" అనాలి. తర్వాత దూబగుంట సంగతి చెప్పాలి. చివరికి ఎప్పుడు, ఎక్కడ కలవాలో చెప్పాలి.

రెండు, మగవాళ్లు. తాగి ఉన్నప్పుడు చెప్పకూడదు. తెల్లారాక చెప్పాలి. తిట్టుతో మొదలుపెడితే లేచిపోతారు. వాళ్లూ ఒప్పుకునే మాటతో మొదలుపెట్టాలి. "పిల్లల చదువు ఆగకూడదు కదన్నా" అనాలి. తర్వాత లెక్క చెప్పాలి. రోజుకు 100 రూపాయలు తాగితే నెలకు 3,000. ఏడాదికి 36,500. "ఈ డబ్బుతో ఏమేం చేయొచ్చో నువ్వే చెప్పన్నా" అని అడగాలి. జవాబు వాళ్ల నోటి నుంచే రావాలి.

మూడు, అధికారి. ఆయనకు తీరిక తక్కువ. అందుకే కావలసిన పని ముందే చెప్పాలి. "అయ్యా, మా ఊళ్లో లైసెన్సు లేకుండా మద్యం అమ్ముతున్నారు. ఆపించండి" అనాలి. ఎక్కడ, ఏ వేళలో, ఎన్నాళ్ల నుంచి అన్నది తర్వాత చెప్పాలి. అర్జీ మీద అందరూ సంతకాలు పెట్టాలి. రసీదు తీసుకోవాలి.

తీరు మారొచ్చు. నిజం మారకూడదు. ఆ ముగ్గురూ ఒకచోట కలిసి మాట్లాడుకున్నా, అందరూ విన్న సంగతి ఒకటే అయి ఉండాలి.

మాట్లాడబోయే ముందు మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. వినేది ఎవరు? వాళ్ల మనసులో ఏముంది? వాళ్లు చేయగల పని ఏమిటి? జవాబులు రాసుకున్నాక ధైర్యంగా లేచి నిలబడండి.