కొండ దిగు విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



యంత్రములను గుఱించి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఇంజను గొప్ప చెప్పువారందఱును దాని లాగు బలమునే చెప్పుదురు. ఇంత అశ్వశక్తి, ఇంత వేగము అందురు. మైదానములో ఆ మాట చాలును. మన తూర్పు కనుమలలో ఎక్కుట సగము పని మాత్రమే. దిగుట తక్కిన సగము, కష్టమైన సగము. కొండ నెక్కలేని బండి ఆగిపోవును, అంతే. దిగలేని బండి ఆగదు. కావున యంత్రము బండిని లాగు విధమును విడిచి, దానిని పట్టి ఉంచు విధమును నేడు చెప్పదలచితిని.

ఇందుకు గొప్ప ఉదాహరణము మన ముంగిటనే యున్నది. బస్తరులోని బైలదిలా ఇనుప ఖనిజమును విశాఖపట్టణము రేవునకు చేర్చి జపానునకు పంపుటకై 1960ల దశకములో కొత్తవలస–కిరండూలు రైలుమార్గము నిర్మింపబడినది. ఈ మార్గమున 58 సొరంగములు కలవు. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున నున్నది. కాశ్మీరు లోయలో రైలు నడచువఱకు దేశమునందలి బ్రాడ్‌గేజి స్టేషనులలో అదియే మిక్కిలి ఎత్తైనదని పేరు పొందెను. అచటినుండి కరకవలస, బొర్రా, చిమిడిపల్లి, త్యాడ, శివలింగపురముల మీదుగా దారి మైదానమునకు దిగును. 2017లో అద్దాల పెట్టె వచ్చినప్పటినుండి యాత్రికులు లోయలను చూచి ఆనందించుచున్నారు. ఇంజను వైపు చూచువారు మాత్రము తక్కువ.

ఘాటులోని వాలు అరువది అడుగులకు ఒక అడుగు. మనిషి కంటికి అది వాలుగనే తోచదు. కాని ఖనిజముతో నిండిన 3,000 టన్నుల బండిని దానిపై ఊహింపుడు. దానిని క్రిందికి లాగు బలము 50 టన్నుల బరువుతో సమానము. ఆ బండి 900 మీటర్ల ఎత్తునుండి దిగుటలో విడుదల యగు శక్తి, కరెంటు లెక్కలో చెప్పినచో, ఏడువేల యూనిట్లకు పైగా నుండును. నెలకు 50 యూనిట్లు వాడు ఇంటికి అది పదునొకండు సంవత్సరములకు పైగా సరిపోవును. ఈ శక్తి ఎచటికో పోవలెను గదా! చక్రములపై బ్రేకు దిమ్మలను నొక్కి పట్టినచో అంతయు వేడిగా మాఱును. దిమ్మలు అరుగును, చక్రములు కాలును, కాలిన కొలది పట్టు తగ్గును.

దీనికి తరుణోపాయము ఇంజను నిర్మాణములోనే దొరకినది. ఈ మార్గమునకు విద్యుత్తు రాకముందు డీజిలు ఇంజనులు బండ్లను లాగుచుండెను. డీజిలు యంత్రము ఆగియున్నపుడు బలమీయజాలదు, తిరుగుచున్నపుడే ఇచ్చును. లారీలో ఆ చిక్కును క్లచ్చియు గేర్లును తీర్చును. వేలకొలది టన్నులను కదలింపవలసినచోట క్లచ్చి కాలిపోవును. అందుచే పెద్ద రైలు ఇంజనులో డీజిలు యంత్రము చక్రములను ముట్టనే ముట్టదు. అది జనరేటరును త్రిప్పును. ఆ కరెంటు ఇరుసులపైనున్న మోటారులకు పోయి చక్రములను త్రిప్పును. ఈ ఏర్పాటును చక్కగా అదుపు చేయు పద్ధతిని అమెరికాలో హెర్మన్ లెంప్ అను ఇంజనీరు 1914 ప్రాంతమున రూపొందించెను.

ఇందు విశేష మేమనగా, మోటారును జనరేటరును ఒకే జాతి యంత్రములు. కరెంటు ఇచ్చినచో తిరుగును. త్రిప్పినచో కరెంటు నిచ్చును. సైకిలు దీపపు డైనమోను చక్రమునకు తగిలించినపుడు త్రొక్కుడు బరువగుట మీలో చాలమంది ఎఱిగినదే. ఆ బరువే ఇచట బ్రేకు. దిగునపుడు మోటారులను జనరేటరులుగా మార్చుదురు; పుట్టిన కరెంటును ఇంజనులోని నిరోధక పలకలలో కాల్చి, ఆ వేడిని ఫ్యానులతో గాలిలోనికి వదలుదురు. ఇనుము ఇనుమును రాయకయే బండి వేగము అదుపులో నుండును. 1980ల తొలినాళ్లలో ఈ మార్గము విద్యుదీకరణము పొందెను. 1990ల దశకము నడుమ నుండి మన దేశమునకు వచ్చిన త్రీ-ఫేజు మోటారుల విద్యుత్ ఇంజనులు మఱియొక మెట్టు ముందుకు పోయినవి. దిగునపుడు పుట్టిన కరెంటును అవి పైనున్న తీగకే తిరిగి పంపగలవు; ఆ సమయమున ఎక్కుచున్న మఱియొక బండి దానిని వాడుకొనవచ్చును. నా మట్టుకు నాకు ఇది విమానము ఎగురుట కంటెను వింతగా తోచును.

ఇదంతయు రైలు సంగతి, మనకేమి అందురేమో! సంతనాడు పదునైదు మందిని ఎక్కించుకొని దిగు జీపునకును ఇదే లెక్క. రెండు టన్నుల జీపు 900 మీటర్లు దిగినపుడు పుట్టు వేడి ఏబది లీటర్ల చన్నీటిని మరగించుటకు చాలును. డ్రైవరు బ్రేకునే నమ్ముకొన్నచో అంత వేడియు నాలుగు చిన్న డ్రమ్ములలోనికి పోవలెను. లైనింగు పట్టు వదలును. బ్రేకు నూనె మరగి ఆవిరియైనచో పెడలు మెత్తగా అడుగుదాక పోవును. 2021 ఫిబ్రవరిలో అనంతగిరి ఘాటులో డముకు వద్ద యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు ప్రాణములు కోల్పోయిరి. ఆ ప్రమాదమునకు కారణము నిర్ణయించుట నా పని కాదు. ఆ దారిన నిత్యము దిగువారము మనమే గనుక జ్ఞాపకము చేసితిని.

మన డ్రైవరు తమ్ముళ్లలో కొందఱు నూనె మిగులునని న్యూట్రలులో బండిని వదలుదురు. కొందఱు ఇంజనునే ఆపివేయుదురు. ఇది పొదుపు కాదు. గేరులో నుండి ఆక్సిలరేటరు నుండి కాలు తీసినచో, డీజిలు పంపు నూనెను దాదాపు పూర్తిగా ఆపివేయును. చక్రములే ఇంజనును త్రిప్పును, ఆ త్రిప్పుటలోని బరువు బండిని పట్టి ఉంచును. న్యూట్రలులో నైతే ఇంజను ఆగిపోకుండుటకు నూనె త్రాగుచునే యుండును. ఇంజను నాపినచో కాలికి సాయపడు వాక్యూము రెండు మూడు నొక్కుళ్లకే తీఱిపోవును. పవరు స్టీరింగు ఉన్న బండిలో చేతిచక్రము కూడ బిగియును. నూనె ఖర్చు లేకుండ బండిని పట్టి ఉంచు సాధనమును విడిచి, ప్రాణమును పణముగా పెట్టుట యెందులకు?

ఏ గేరులో దిగవలెనని సభకు ముందు ఒక యువకుడు నన్నడిగెను. ఆ వాలును నిండు బండితో ఎక్కుటకు ఏ గేరు కావలసియుండునో, దిగుటకును అదే గేరు. వాలు మొదలు కాకముందే దానిని వేయవలెను. వేగము హెచ్చిన తరువాత చిన్న గేరు పడదు. బ్రేకును ఎడతెగక నొక్కి ఉంచక, గట్టిగా నొక్కి వేగము తగ్గించి వదలి, చల్లారనీయవలెను. ఎగ్జాస్టు బ్రేకు ఉన్న లారీలలోను బస్సులలోను దానిని వాడవలెను. ఒకవేళ పెడలు మెత్తబడినచో దానిని త్వరత్వరగా పలుమాఱులు త్రొక్కుచు, గేరు తగ్గించుచు, చేతిబ్రేకును కొద్దికొద్దిగా లాగవలెను. అప్పటికిని ఆగకున్నచో బండిని లోయ వైపు కాక, కొండ వైపు గట్టునకు రాయవలెను. బండి చెడును, మనుష్యులు మిగులుదురు.