పిల్లవాడి జబ్బుకు సరైన పేరు దొరికే వరకు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



కరువు భత్యం బకాయిల మీద మాట్లాడమంటే నేను గంటసేపు మాట్లాడగలను. ఈసారి కార్యదర్శిగారు ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. బి.పి., షుగరు గురించి మీకు నాకన్నా బాగా తెలుసు. అందుచేత మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. మా మనవడి అనుమతితోనే చెబుతున్నాను. పేరు మాత్రం చెప్పవద్దన్నాడు.

మావాడు ఇంటర్ మొదటి సంవత్సరంలో దసరా సెలవులకు హాస్టల్ నుంచి వచ్చి, మళ్ళీ వెళ్ళనన్నాడు. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు. పగలంతా ముసుగుతన్ని పడుకునేవాడు. అన్నం సగంలో వదిలేసేవాడు. మా అబ్బాయి బద్ధకమన్నాడు. కోడలు దిష్టి అన్నది. నేనేమో, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది, మా రోజుల్లో వీధి దీపం కింద చదువుకున్నామని ఉపన్యాసం ఇచ్చాను. తాయెత్తు కట్టించాం. ఆర్.ఎం.పి. టానిక్కు ఇచ్చాడు. మూడు నెలలు అలా పోయాయి.

ఒక రాత్రి వాడు వాళ్ళమ్మతో "నేను లేకపోతే మీకందరికీ సుఖం" అన్నాడు. ఆ మాట విన్నాక ఎవరూ ముహూర్తం చూడలేదు. తెల్లవారగానే సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకువెళ్ళాం.

ఆయన పదిహేను నిమిషాలు చూసి డిప్రెషన్ అన్నారు. "మీ వంశంలో ఎవరికైనా మానసిక జబ్బు ఉన్నదా?" అని అడిగారు. మా అబ్బాయి "లేదండీ" అన్నాడు. వాడికి తెలియదు. తెలిసిన నేను పక్కనే కూర్చుని నోరు మెదపలేదు. డాక్టరుగారు తన ముందున్న కాగితాలను బట్టి ఆర్డరు వేశారు.

నెల తిరక్కుండా మావాడు మంచం దిగాడు. సంతోషించాం. ఆ సంతోషం వారం రోజులే. అర్ధరాత్రి లేచి వంటింట్లో సామాన్లు సర్దేవాడు. గుక్క తిప్పుకోకుండా మాట్లాడేవాడు. నిద్ర మూడు గంటలు, అయినా అలసట లేదు. సైకిలు ఎవరికో ఇచ్చేశాడు. చదువెందుకు, కంపెనీ పెడతానన్నాడు. అడ్డు చెప్పిన తండ్రి మీద చెయ్యెత్తాడు. వీధిలోవాళ్ళు గంజాయి అన్నారు.

నాకు మాత్రం మా తమ్ముడు కనిపించాడు.

వాడి సంగతి ఈ సభలో ఎవరికీ తెలియదు. పక్క కుర్చీలో ఇరవై ఏళ్ళు పనిచేసినవారికి కూడా చెప్పలేదు. 1974లో, వాడికి ఇరవై ఏళ్ళప్పుడు, నెలల తరబడి మంచం దిగేవాడు కాదు. తరువాత ఇలాగే నిద్ర లేకుండా తిరిగేవాడు. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు కావాలని మా నాన్నగారు బయటకు పొక్కనివ్వలేదు. 1979లో ఇల్లు విడిచి వెళ్ళాడు. ఈనాటికీ జాడ లేదు.

ఆ రాత్రి కొడుకునూ కోడలినీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. "ఆ రోజు డాక్టరుగారి ముందు ఎందుకు చెప్పలేదు మామయ్యగారూ?" అని కోడలు ఒక్కమాటే అడిగింది. ఎన్‌క్లోజరు లేదని ఎన్నో దరఖాస్తులు తిప్పి పంపినవాణ్ణి, జవాబు చెప్పలేకపోయాను.

తెల్లవార్లూ కూర్చుని ఒక నోటుపుస్తకంలో తేదీలవారీగా వ్రాశాను. ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎన్ని గంటలు, ఏ మందు ఏ తేదీన మొదలుపెట్టాం, తరువాత ఏం మారింది, చివర మా తమ్ముడి సంగతి. అది చూసి మొదటి డాక్టరుగారే పెద్దాసుపత్రికి చీటీ వ్రాసి ఇచ్చారు.

అక్కడ డాక్టరమ్మగారు ముందు పిల్లవాడితో ఒంటరిగా ముప్పావుగంట మాట్లాడారు. గంజాయి సంగతి వాడినే అడిగారు. లేదన్నాడు, మూత్ర పరీక్షలోనూ లేదు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించారు. రక్త పరీక్షతోనో స్కానింగుతోనో తేలే జబ్బు కాదట ఇది. ఆ పరీక్షలు వేరే జబ్బేదీ లేదని తేల్చుకోవడానికి. తరువాత నా పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు.

బైపోలార్ డిజార్డర్ అన్నారు. అది తరచుగా దిగులుతోనే మొదలవుతుంది గనుక, అప్పుడు చూసినవారికి డిప్రెషన్‌గానే కనిపిస్తుంది. ఈ జబ్బు ఉన్నవారికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే కొందరిలో ఇలా ఉద్రేకం లేస్తుంది. రక్తసంబంధీకుల్లో ఉన్నంతమాత్రాన పిల్లలకు వచ్చి తీరుతుందని కాదు. కాని ఆ సంగతి తెలిస్తే డాక్టరు ముందే జాగ్రత్తపడతారు. ఈ వయసులో జబ్బు పేరు ఒక్కరోజులో స్థిరపడదని, కొన్ని నెలలు గమనించాలని కూడా చెప్పారు.

మందు మార్చి లిథియం ఇచ్చారు. అది రక్తంలో ఎక్కువైతే ప్రమాదం. అందుకని ఎంత ఉన్నదో పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. మూత్రపిండాలు, థైరాయిడ్ కూడా చూపించుకోవాలి. బాగుంది కదా అని మనంతట మనం మానకూడదు.

మావాడికి ఒక సంవత్సరం చదువు పోయింది. ఇప్పుడు ఊళ్ళోనే డిగ్రీ చదువుతున్నాడు. మధ్యలో ఒకసారి మళ్ళీ కుంగాడు. ఈసారి వాడే పుస్తకం చూసుకుని, నాలుగో రోజునే ఆసుపత్రికి వెళదామన్నాడు.

ఎవరిని అడగాలో తెలియనివారు 14416 నంబరు వ్రాసుకోండి. టెలి మానస్ అని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంకొకటి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇన్సూరెన్సు కంపెనీలు శరీర జబ్బులకు ఇచ్చినట్టే వీటికీ ఇవ్వాలి. లేదంటే చట్టం చూపించండి.

నోటుపుస్తకం ఇప్పుడు మావాడే వ్రాసుకుంటున్నాడు, నాకు చూపించడు. గళ్ళు గీసిన ఖాళీ నమూనా ఒకటి నా సంచిలో ఉన్నది. కావలసినవారు టిఫిను వేళ అడగండి, జిరాక్సు తీయించి ఇస్తాను.