కడియము – కవచము

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల పల్లెలలో జాతరనాటి కుస్తీపోటీలు చూచినవారు శ్రోతలలో పెక్కురు కలరు. మొదటి జోడులకు కొబ్బరికాయ బహుమానము. పొద్దు వాలుకొలది బహుమానము పెరుగును. కట్టకడపటి కుస్తీ గెలిచిన పహిల్వానుకు వెండికడియము తొడుగుదురు. మఱునాడు అతడు బజారున నడచుచుండగా పిల్లలు వెంటబడుదురు. అంతటి వెండిని అంగడిలో ఎవరైనను కొనవచ్చును. కాని కొన్న కడియమును చూచి ఊరు మోసపోదు. గోదా చుట్టును కూర్చుండి గెలుపు నంతయు ఊరు కన్నులార చూచినది. కడియమునకు విలువ ఆ సాక్ష్యమువలన వచ్చినది.

నేడు ఆ పల్లెల యువకులే సెల్‌ఫోనులో మఱియొక గోదాలోనికి దిగుచున్నారు. కామారెడ్డి నుండి ఒకడు, ఎల్లారెడ్డి నుండి ఒకడు, బ్రతుకుదెరువుకై దుబాయి పోయినవాడు మఱియొకడు, ఒకే జట్టుగా కూడి ఆడుదురు. అందులో కొందరు ఒకరి మొగము నొకరు చూచి యెఱుగరు. క్రొత్తవాడు వచ్చి, నన్నును చేర్చుకొనుడని యడిగినచో, వాని నేర్పును తెలియుట యెట్లు? కంటికి కనబడునవి వాని బొమ్మ ధరించిన శిరస్త్రాణము, కవచము, తుపాకి, దుస్తులు మాత్రమే. వీనినే ఆటగాండ్రు 'గేర్' అందురు. గేరును చూచి నేర్పును అంచనా కట్టుట సబబా యన్నది నేటి మా ప్రసంగ విషయము.

ఈ అలవాటు అకారణముగ పుట్టినది కాదు. 2004లో బ్లిజార్డ్ సంస్థ 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అను ఆటను వెలువరించినది. తొలినాళ్లలో అందలి పెద్ద దండయాత్రలకు 40 మంది వఱకు కూడెడివారు. ఒక మహారాక్షసుని కూల్చుటకు పలుమారులు ఓడి, తుదకు కూల్చిన పిమ్మట, దొరకిన కొలదిపాటి వస్తువులను అంతమంది పంచుకొనవలసి యుండెను. కావున అట్టి కవచము తొడిగి నిలిచినవానిని చూడగనే, వీడు ఆ రాక్షసుని యెదుట నిలిచినవాడని తక్కినవారు గ్రహించెడివారు. అది వెండికడియము వంటిదే. భేద మొక్కటి కలదు. కడియము పహిల్వాను బలమును పెంచదు. ఆ కవచము తొడిగినవాని బలమును నిజముగ పెంచును. అది గుర్తును, ఆయుధమును కూడ నయినది. చిక్కు ఇచ్చటనే మొదలైనది.

2008లో ఆ యాటకు రెండవ విస్తరణ వెలువడినది. ఆ కాలమున 'గేర్‌స్కోర్' అను ఉపకరణము వ్యాపించెను. సంస్థవారు చేసినది కాదు. ఆటగాండ్ర పక్షమున పుట్టినది. తొడిగిన వస్తువుల నన్నిటిని లెక్కకట్టి ఒక్క సంఖ్యగా చూపును. ఇంత సంఖ్య లేనివారు రావలదని జట్టునాయకులు ప్రకటింపసాగిరి. కవచము కావలెనన్న దండయాత్రకు పోవలెను. దండయాత్రకు పోవలెనన్న కవచ ముండవలెను. పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లి అయినగాని పిచ్చి కుదరదన్న సామెత చందమైనది. మఱియొక ప్రక్క, బలవంతులైన మిత్రుల వెనుక నడచి కవచములు గడించినవాడు, సంఖ్య ఘనముగ నున్నను పోరులో కాలు నిలుపలేకపోయెడివాడు. 2010లో సంస్థయే వస్తువుల సగటు స్థాయిని ఆటలో చూపుట మొదలిడినది. సంఖ్యకు అధికారముద్ర పడినది. వాదము మాత్రము తీరలేదు.

ఇక మన యిండ్లలోని ఫోనుల మాట. 2021 జూలైలో మన దేశమున వెలువడిన 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా'లో నూరుగురు వఱకు వట్టిచేతులతో విమానము నుండి దూకుదురు. ఆయుధములు, కవచములు అందరును దిగినచోట వెదకుకొనవలసినదే. ఆ యాట ముగియగనే అవియును పోవును. నిలిచియుండునవి దుస్తులు, తుపాకిపై రంగుపూతలు. వీనిలో పెక్కింటిని రొక్కమిచ్చి కొందురు. 2013లో 'కౌంటర్-స్ట్రైక్' ఆటలో ప్రవేశించిన పూతలును ఇట్టివే. రంగు మారును గాని గురి మారదు. అయినను చూపరుల కన్ను పాత అలవాటు చొప్పుననే పోవును. మెఱయు దుస్తులవాడు మేటి యనియు, ఉచితపు చొక్కావాడు చేతకానివా డనియు తలంతురు.

మేమొకపరి ఎల్లారెడ్డి పోయినప్పుడు బీడీలు చుట్టుకొని జీవించు ఒక తల్లి తన గోడు చెప్పుకొన్నది. ఇంటర్ చదువు కుమారుడు, ఆ దుస్తులు లేవని తన్ను జట్టులో చేర్చుకొనుట లేదని, పైకమడిగినాడట. "లేని అంగికి పైసలెందుకు బిడ్డా?" అని ఆమె యన్నదట. వాడు ఆ రాత్రి అన్నము తినలేదు. తల్లి మాట న్యాయమైనది. కుఱ్ఱవాని అవమానమును నిజమైనదే. ఏమి చెప్పవలెనని ఆమె మమ్మడిగినది.

మాకు తాలీము జ్ఞప్తికి వచ్చినది. క్రొత్తవాడు వచ్చినప్పుడు ఉస్తాదు వాని లంగోటా వెల యడుగడు. ఒక జోడు పట్టి చూపుమనును. జట్టునాయకులైన యువకులకు మా మనవియు నదియే. క్రొత్తవానితో ఒక్క యాట ఆడి చూడుడు, అరగంటసేపటి పని. వాడు తోటివాడు పడినప్పుడు వచ్చి లేపునా, చెప్పిన మాట వినునా, దొరకిన మందును పంచునా యన్నది అందు తేలిపోవును. దుస్తులు వీనిలో ఒక్కదానిని చెప్పవు. కవచమే బలమైన ఆటలలో కొంత కవచము కోరుట అన్యాయము కాదు. నలువదిమంది శ్రమ ఒక్కని సిద్ధములేమిచే చెడరాదు. కాని ఆ సంఖ్యను వాకిలిగా నుంచవలెనే గాని, తీర్పుగా నుంచరాదు.

తలిదండ్రులకు ఒక్క మాట. బిడ్డ వస్తువు కావలెనని యడిగినప్పుడు పరిహసింపకుడు. అది ఆడి గెలుచునదా, ఆటలో దొరకునదా, అంగడిలో కొనునదా యని యడుగుడు. వాడే ఆలోచించి చెప్పును. ఆ కుఱ్ఱవానితో మేము, నిన్నెఱిగిన యూరి మిత్రులు ముగ్గురితో జట్టు కట్టుమంటిమి. వారు వాని చొక్కా చూడరు. వాని ఆట చూచియున్నారు. వెండికడియము తొడిగిన పహిల్వానులును తొలుత కొబ్బరికాయకే కుస్తీ పట్టినారని కూడ వానికి చెప్పి వచ్చితిమి.